యమునక్క తీపి మానిన చలికాలం

కర్నూలు దవాఖానలో మంచం మీద కప్పిన దుప్పటి ఒక పక్క కాలివేళ్ల దాకా ఎత్తుగా ఉంది. రెండో పక్క పిక్క కిందే ఆగిపోయి, అక్కడి నుంచి చదునుగా పరుచుకుంది. యమునక్క ఆ చదును వైపే చూస్తూ నిలబడింది. మంచం మీద పడుకున్నది ఆమె సొంత అక్క ఇందిరమ్మ. ధరూర్‌లో చేనుకు పోయినప్పుడు కాలికి గుచ్చుకున్న పత్తికట్టె పుండైంది. షుగర్ వల్ల మానలేదు. చివరికి పాదం తీసేశారు.

"గట్ల నిలబడ్డవేంది? కూసో" అంది ఇందిరమ్మ.

యమునక్క కూర్చోగానే ఇనుప మంచం కిర్రుమంది. ఇందిరమ్మ నవ్వబోయి ఆగింది.

"నాకంటె నువ్వే బరువున్నవ్ చెల్లె. నాకు నీ వయసులనే వచ్చింది షుగర్. అమ్మకు గూడ గా వయసులనే. నా కాలు జూసన్న తీపి బంద్ చెయ్యి."

"చేస్త అక్కా."

"నువ్వు చెయ్యవ్. నీ సంగతి నాకు తెల్వదా? బెల్లం కుండల చెయ్యి ఇర్కి ఊరంత ఇనొచ్చేటట్లు ఏడ్చినదానివి."

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. కాని తిరుగు బస్సులో యమునక్కకు నవ్వు రాలేదు. అక్క పిల్లలకని తెచ్చి, కంగారులో ఇవ్వడం మరిచిపోయిన పల్లీపట్టీల పొట్లం చేతిసంచిలో ఉంది. అలంపూర్ చౌరస్తా దాటాక దాన్ని విప్పింది. పెబ్బేరులో బస్సు ఆగేసరికి పొట్లంలో రెండు పల్లీ బద్దలు మిగిలాయి. తన చెయ్యి తనది కానట్టు నోటికీ ఒడికీ మధ్య తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నానని ఆమె తర్వాత నాతో చెప్పింది. అక్క కాలు చూసినప్పటి కంటే అప్పుడే ఎక్కువ భయమేసిందట.

అది రెండువేల ఆరు, నవంబరు నెల. వనపర్తిలో మేము అద్దెకుండే ఇంటికీ యమునక్క ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. రోజూ ఉదయం ఆ గోడ మీది నుంచి బెల్లం కాగే వాసన వచ్చేది. ఆమె ఇంట్లోనే పల్లీపట్టీలు చేసి దుకాణాలకు వేసేది. భర్త బాలస్వామి మార్కెట్ యార్డులో పల్లికాయ బస్తాలు తూకం వేసే పని చేసేవాడు. ఒక్కతే కూతురు పద్మజ. ఇంటర్ రెండో సంవత్సరం.

యమునక్క పాకం పట్టే పద్ధతి ఆమె నోటిలోనే ఉండేది. బెల్లం పొంగుతుండగా గరిటెతో ఒక చుక్క తీసి పళ్లెంలోని చన్నీళ్లలో వేసేది. గడ్డకట్టిన చుక్కను పంటి కింద పెట్టి కొరికేది. పంటికి అంటుకుంటే లేత పాకం, టక్కున విరిగితే కుదిరినట్టు. వాయికి మూడు నాలుగు చుక్కలు, రోజుకు ఎనిమిది వాయిలు. ఆ తర్వాత బండ మీద మిగిలిన ముక్కలు, గరిటెకు అంటింది, కత్తికి అంటింది. ఇరవై ఏళ్లుగా అదంతా ఆమె తిండిగా ఎవరూ లెక్కవేయలేదు, ఆమె కూడా.

కర్నూలు నుంచి వచ్చిన వారానికి ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి నెత్తురు పరీక్ష చేయించుకుంది. తూకం ఎనభై ఆరు కిలోలు వచ్చింది. షుగర్ ఇంకా రాలేదని, కాని చాలా దగ్గరలో ఉందని డాక్టరమ్మ చెప్పింది. తీపి మానాలి, రోజూ నడవాలి, పది కిలోలు తగ్గాలి, మూడు నెలలకు మళ్లీ రావాలి. అంతే.

"గోళీలు రాయరా మేడం?"

"రోగం రాకుండా గోళీలెందుకమ్మా? నోరు కట్టుకో చాలు."

యమునక్కకు ఆ జవాబు నచ్చలేదు. బాలస్వామికి నాలుగేళ్లుగా షుగర్ ఉంది. రోజూ తెల్ల గోళీ వేసుకుంటాడు, బస్తాలు ఎత్తుతాడు, రెండు కాళ్ల మీద తిరుగుతున్నాడు. ఇందిరమ్మ మాత్రం గోళీలు వద్దని, అమ్రాబాద్ నుంచి ఎవరో తెచ్చిన ఆకు పొడి మింగుతూ కూర్చుంది. గోళీ వేసుకున్నవాళ్లకు కాళ్లు మిగులుతాయని యమునక్క మనసులో గట్టిగా పడిపోయింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు.

మొదటి పది రోజులు ఆమె మానడం, మళ్లీ తినడం, మళ్లీ మానడం. పాకం చుక్కను కొరికి ఉమ్మేద్దామనుకునేది. ఉమ్మేలోపే గొంతు దిగిపోయేది. ఒక మధ్యాహ్నం పద్మజ కాలేజీ నుంచి తొందరగా వచ్చి వంటింట్లోకి పోయింది. తల్లి బియ్యం డబ్బా వెనకాల గోడకు తిరిగి నిలబడి ఉంది. రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి.

"అమ్మా, ఏం దింటున్నవే?"

యమునక్క తల అడ్డంగా ఊపింది. నోరు తెరవలేదు.

"ఇటు దిర్గు. బెల్లమా?"

పద్మజ ఏడవలేదు, అరవలేదు. గడపలో కూలబడి, మెల్లగా అడిగింది. "పెద్దమ్మకు దీసినట్లు నీ కాలు గూడ తీస్తరా?"

ఆ మాట విని నేను గోడ అవతల బట్టలు ఆరేస్తూ ఆగిపోయాను. యమునక్క నోట్లోది ఉమ్మేసి, చెయ్యి చీర కుచ్చిళ్లకు తుడుచుకుని వచ్చి, అదే చెయ్యి కూతురి నెత్తి మీద పెట్టింది.

"నీ మీద ఒట్టు బిడ్డా. ఇగ నేను తీపి నోట్ల పెట్టుకుంటే నువ్వు నాకు దక్కవు."

పద్మజ తల కిందికి లాక్కుంది. "నా నెత్తి మీదెందుకు పెడ్తవ్? నీ నెత్తి మీద పెట్టుకో!"

"నా మీద పెట్టుకుంటే నేను ఆగనే. నాకు దెల్సు."

మనిషి మీద ఒట్టు పెట్టడం మా వైపు మాటవరసకు జరిగే పని కాదు. దేవుడి మీద పెట్టిన ఒట్టుకు ముడుపు కట్టి తప్పించుకోవచ్చు. కడుపున పుట్టినవాళ్ల నెత్తి మీద పెట్టినదానికి అలాంటి దారి లేదు. ఒట్టు పెట్టిన చెయ్యి ఇంకా బెల్లంతో జిగటగా ఉందని, ఆ రోజు తల స్నానం చేయాల్సి వచ్చిందని పద్మజ నాతో నవ్వుతూ చెప్పింది. ఆమె నవ్వింది కాని, తల్లి ఆ తర్వాత చాలా రోజులు నవ్వలేదు.

తీపి ఆ రోజుతో ఆగిపోయింది. ఇంట్లో చక్కెర తేవడం మానేశారు. మూడో రోజు యమునక్కకు తలనొప్పి పట్టుకుంది, వారం దాకా పోలేదు. పట్టీలు చేసేటప్పుడు మూతికి చీర కొంగు బిగించి కట్టుకునేది. బాలస్వామి అది చూసి, "దొంగతనానికి పోతున్నవా ఏందే?" అన్నాడు. పాకం చూడడానికి కొత్త పద్ధతి పట్టింది. గడ్డకట్టిన చుక్కను నీళ్లలోంచి తీసి స్టీలు పళ్లెం అంచుకు కొట్టేది. టంగుమంటే కుదిరినట్టు, తప్పుమంటే కుదరనట్టు. మొదట రెండు వాయిలు చెడిపోయాయి. తర్వాత చెవి కుదిరింది. గోడ ఇవతల పుస్తకం చదువుకుంటూ నేను కూడా ఆ చప్పుడు గుర్తుపట్టేదాన్ని.

ఉదయం పాలిటెక్నిక్ గ్రౌండ్‌లో నడిచేది. చలికి శాలువా కప్పుకుని, చెప్పులు రాసుకుంటాయని భయపడి మేజోళ్లు తొడుక్కుని. ఇంటికి రాగానే గడపలో కూర్చుని పాదాలు రెండూ ఎత్తి, అరికాళ్లు, వేళ్ల సందులు అద్దంలో చూసుకునేది. చిన్న గీత కనబడినా పద్మజను పిలిచేది. సంక్రాంతి పోయేసరికి ఆరు కిలోలు తగ్గింది. ముఖం పీక్కుపోయి, కళ్లు పెద్దవయ్యాయి. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం మెప్పు వినబడేది కాదు. ఎవరింట్లో ఏ పేరుతో తీపి నోట్లోకి వస్తుందోనని ఎప్పుడూ భయమే.

ఆ భయం నిజమైంది. మా వెనక వీధిలో ఒక సీమంతానికి పోతే, చక్కెర వేయని చాయ అని చెప్పి గ్లాసు చేతికిచ్చారు. ఒక గుక్క తాగింది. తియ్యగా ఉంది. వాకిట్లోకి పరుగెత్తి ఉమ్మేసి, వేలు పెట్టి కక్కబోయింది.

"గొంతు దిగిందా లేదా?" అని నన్నే పట్టుకుని అడిగింది. "నువ్వు జూసినవ్ గదా, దిగిందా?"

తల ఊపాను, ఎటు ఊపానో నాకే తెలియదు.

సాయంత్రం పద్మజ కాలేజీ నుంచి రావాల్సిన వేళకు రాలేదు. యమునక్క వీధి చివరికి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. మూలమీద ఆటో హారన్ మోగినప్పుడల్లా గుండె మీద చెయ్యి పెట్టుకునేది. ఐదుంపావుకు పద్మజ సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది.

"పంచరైంది. ఏమైందే? గట్ల జూస్తున్నవ్?"

యమునక్క కూతుర్ని తల నుంచి పాదాల దాకా తడిమి చూసి, మెట్టు మీద కూర్చుండిపోయింది. "గుక్కకు పంచర్. గ్లాసు తాగుతె ఏమైతుండెనో" అని తనలో తను అనుకున్న మాట నాకు వినబడింది.

ఫిబ్రవరి రాగానే ఇంకో భయం మొదలైంది. డాక్టరమ్మ చెప్పిన మూడు నెలలు దగ్గరపడ్డాయి. తూకం ఎనభై దగ్గర ఆగిపోయింది, ఎంత నడిచినా కదలలేదు. ఇంత చేసినా షుగర్ వచ్చిందంటే ఏం చేయాలి? కూతుర్ని పణం పెట్టి కట్టుకున్న నోరు వృథా అయిపోతుంది. రోగం రాకముందే దానికి అడ్డం వేస్తే సరి అనుకుంది. బాలస్వామి గోళీల అట్ట నుంచి రోజుకొకటి తీసి వేసుకోవడం మొదలుపెట్టింది. మొదట సగం. తర్వాత ఒకటి. వేసుకున్నాక కాళ్లలో నీరసంగా ఉంటే, మందు పని చేస్తోందని సంతోషించింది.

ఆ నెల పదహారున శివరాత్రి. యమునక్క ఏటా ఒక్కపొద్దు ఉంటుంది. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు పగలు ఉడకబెట్టిన గెనుసుగడ్డలు, ఖర్జూరాలు తినవచ్చు. బాలస్వామి ముందురోజే కిలో గెనుసుగడ్డలు తెచ్చాడు. యమునక్క వాటిని తాకలేదు.

"గవి గూడ తీపే గద" అంది.

"భూమిల కాసిన తీపి గది. దానికెందుకే ఒట్టు?"

"ఒట్టు పెట్టేటప్పుడు యాడ కాసిన తీపి అని జెప్పలే నేను."

"నీతోటి మాట్లాడాల్నంటె వకీలును బెట్టుకోవాలె" అని బాలస్వామి గుడికి పోయాడు.

జాతరలో అమ్మేవాళ్లు పట్టీలు ఎక్కువ అడిగారు. ఆమె ముందురోజు రాత్రి గ్లాసెడు మజ్జిగ తాగింది. తెల్లవారి గోళీ వేసుకుని పొయ్యి దగ్గర నిలబడింది. మధ్యాహ్నానికి ఆరు వాయిలు దించింది. నేను మా వరండాలో కూర్చుని ఆ టంగుమనే చప్పుడు వింటున్నాను. ఏడో వాయికి తప్పుమంది. కాసేపటికి మళ్లీ తప్పుమంది. ఆ తర్వాత గరిటె కిందపడిన చప్పుడు, దాని వెంట పద్మజ కేక.

"అక్కా! అమ్మ పడిపోయింది, జర ఉరికిరా!"

గోడ ఎట్లా దాటానో నాకు గుర్తులేదు. యమునక్క పొయ్యికి జానెడు దూరంలో పక్కకు ఒరిగి ఉంది. చెమటకు జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి కాని ఎవరినీ పోల్చుతున్నట్టు లేవు. పద్మజ ఆమెను పొయ్యి నుంచి వెనక్కి లాగుతోంది. నేను పరుగెత్తి వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు నాగప్పను పిలుచుకొచ్చాను. రాయచూర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మా వీధికంతటికీ ఆయనే డాక్టరు.

నాగప్ప నాడి చూశాడు, నుదురు తడిమాడు. "ఏమన్న గోళీ ఏసుకుందా?"

"అమ్మకు గోళీలు లేవు" అంది పద్మజ. అంటూనే తల్లి కొంగు ముడి బిగుసుకుని ఉండడం చూసి విప్పింది. లోపల రెండు తెల్ల గోళీలు.

"అయ్యో దేవర! ఇవి బాలస్వామివి. పొద్దటి సంది ఏం దిన్నది?"

"ఒక్కపొద్దు."

"షుగర్ గోళీ ఏసుకొని ఒక్కపొద్దా? షుగర్ మొత్తం పడిపోయింది. చక్కెర నీళ్లు దే, బేగ!"

ఆ ఇంట్లో చక్కెర లేదు. నేను మా ఇంటికి పోయి గ్లాసు నీళ్లలో గుప్పెడు చక్కెర కలుపుకుని వచ్చాను. నాగప్ప ఆమెను కూర్చోబెట్టి గ్లాసు నోటికి అందించాడు. పెదవికి తీపి తగలగానే యమునక్క పళ్లు బిగుసుకున్నాయి. చెయ్యెత్తి గ్లాసును నెట్టేసింది. నీళ్లు నేలపాలయ్యాయి. ఒంట్లో ఏ స్పృహ మిగిలిందో తెలియదు కాని, తల అడ్డంగా ఊపుతూ పద్మజ వైపే చూస్తోంది. ఆ చూపు నేను మరిచిపోలేదు.

"నోరు తెరువమ్మా, ఫిట్స్ వస్తయి! ఏందీమె, గింత మొండి?"

పద్మజకు అర్థమైంది. "అమ్మా, ఒట్టు నా మీద పెట్టినవ్. నేనే జెప్తున్న, తాగు. నాకేం గాదు."

పళ్లు విడలేదు. కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలైంది.

పద్మజ లేచి చుట్టూ చూసింది. పొయ్యి పక్కన పళ్లెంలో ఇంకా కుదరని లేత పాకం చుక్కలు రెండు మెత్తగా ఉన్నాయి. వాటిని నీళ్లతో మెదిపి, తల్లి పెదవిని పక్కకు లాగి, చెంపకూ పళ్లకూ మధ్య వేలితో రుద్దింది. మళ్లీ తీసింది, మళ్లీ రుద్దింది. యమునక్క గొంతులోంచి ఏడుపు లాంటి శబ్దం వచ్చింది. పళ్లు తెరుచుకున్నాయి. తెరుచుకుని, పద్మజ వేలి మీద పడ్డాయి. పద్మజ వేలు తీయలేదు. నాగప్ప గ్లూకోజు పొడి తెచ్చేదాకా ఆ వేలు అక్కడే ఉంది.

పావుగంట పట్టింది. చెమట ఆరి, యమునక్క కళ్లలోకి మనిషి తిరిగి వచ్చింది. ముందుగా ఆమె చూసింది కూతురి కుడిచేతి చూపుడువేలిని. కణుపు కింద పంటిగాట్లు, వాటిలోంచి కారుతున్న నెత్తురు.

"ఒట్టు తగులుడు సురువైంది" అంది.

ఆ తర్వాత పదిరోజులు ఆ ఇంట్లో బెల్లం కాగలేదు. బాలస్వామి గోళీల అట్టను చొక్కా జేబులోనే పెట్టుకుని తిరిగాడు. నెత్తురు పరీక్షలో షుగర్ రాలేదని తేలింది. డెబ్బై తొమ్మిది కిలోలు. డాక్టరమ్మ మాత్రం గోళీల సంగతి విని బల్ల మీద పెన్ను విసిరేసింది. "షుగర్‌తో పోవడానికి నీకు ఇంకా ముప్పై ఏళ్లు పట్టేది. నువ్వు మధ్యాహ్నానికే పోదామనుకున్నావు!" అని తిట్టింది. ఆ తిట్లన్నీ విని యమునక్క ఒకటే అడిగింది. "ఏలు గాటుకు సూదేస్తరా మేడం? పరీక్షలున్నయి పిల్లకు."

వేలు వాచింది. మార్చి మొదట్లో పరీక్షలు మొదలయ్యేనాటికి వాపు తగ్గింది కాని, కలం గట్టిగా పట్టుకుంటే నొప్పి. యమునక్క రోజూ కూతురి వెంట పరీక్ష సెంటరు దాకా నడిచింది. రోడ్డు దాటేటప్పుడు బస్సుల వైపు తను నడిచేది. మూడు గంటలూ గేటు బయట గోడ నీడలో నిలబడి, గంట కొట్టగానే వచ్చే పిల్లల్లో ఒక తల కోసం వెతికేది. పద్మజకు సిగ్గేసేది.

"అందరు నవ్వుతుండ్రే అమ్మా. ఇంటికి పోరాదు?"

"నవ్వనీ. ఒట్టు తప్పిన నేను."

"నువ్వెక్కడ తప్పినవ్? నోట్ల పెట్టుకుంటే అన్నవ్. నువ్వు పెట్టుకోలే, నేను పెట్టిన."

యమునక్క నడక ఆగిపోయింది. ఆ వాదన ఆమెకు కొత్తగా ఉంది. "దేవునికి గీ లెక్కలు దెలుస్తయా?"

"తెల్వకుంటె నేను జెప్త."

పరీక్షలన్నీ అయ్యాయి. పద్మజకు ఏమీ కాలేదు. అయినా యమునక్క కూతురు ఎటు పోతే అటు నడిచింది, బజారుకు, కంప్యూటర్ క్లాసుకు, చివరికి స్నేహితురాలి ఇంటికి కూడా. ఎండాకాలం అయ్యేసరికి డెబ్బై నాలుగు కిలోలకు దిగింది. అది తీపి మానినందుకో, నడిచినందుకో, భయానికో నేను చెప్పలేను.

జూన్‌లో మేము ఇల్లు మారేముందు ఒకసారి చెప్పి పోదామని వెళ్లాను. పొయ్యి మీద పాకం పొంగుతోంది. యమునక్క చుక్క తీసి, నీళ్లలో వేసి, పళ్లెం అంచుకు కొట్టింది. టంగుమంది. పక్కనే కూర్చున్న పద్మజ ఆ ముక్క లాక్కుని పంటి కింద పెట్టి టక్కున విరిచింది. ఆ చూపుడువేలి మీద గాటు తెల్లటి గీతలా మిగిలింది.

"కుదిరిందే" అంది.

యమునక్క గరిటె పట్టుకునే, కూతురి గొంతు వైపు చూస్తూ ఉంది. ముక్క దిగేదాకా చూసింది. దిగాక కూడా కాసేపు చూసి, అప్పుడు పల్లీలు పాకంలో పోసింది.